పనికి తేదీ పెట్టిన మనిషి – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

నంది కొండల దిగువన, చిక్కబళ్లాపురానికి చేరువలో ముద్దేనహళ్లి అనే చిన్న పల్లె ఉంది. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడక మునుపు ఆ ప్రాంతమంతా కోలారు జిల్లాలోనిదే. ఇంట తెలుగు, వీధిలో కన్నడం పలికే కుటుంబాలకు ఆ సీమలో ఏనాడూ కొరత లేదు. అనేక తరాల క్రితం గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం గ్రామం నుంచి తరలివచ్చిన ఒక వైదిక కుటుంబం ముద్దేనహళ్లిలో స్థిరపడింది. ఊరు మారినా ఇంటిపేరు మారలేదు, ఇంటి భాషా మారలేదు. ఆ ఇంట మోక్షగుండం శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు 1860 సెప్టెంబరు 15న (కొన్ని గ్రంథాలలో 1861 అని ఉంది) జన్మించిన కుమారుడే విశ్వేశ్వరయ్య.

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం నాడు బడిపిల్లలకు ఆయనను గూర్చి కొన్ని కథలు చెబుతారు. రైలులో కూర్చుని పట్టాల చప్పుడులో తేడాను కనిపెట్టి ప్రమాదాన్ని తప్పించాడన్నది ఒకటి. ప్రభుత్వ పని ముగియగానే ప్రభుత్వ దీపం ఆర్పి, సొంత దీపం వెలిగించుకొని సొంత ఉత్తరాలు రాసుకొనేవాడన్నది మరొకటి. కథలు వినసొంపుగానే ఉంటాయి. అయితే వాటిని వినే పిల్లవానికి ఆయన సామాన్యులకు అందని అద్భుత పురుషుడని తోస్తుంది, అంతటితో ఆ జీవితంతో తనకు పని లేదనిపిస్తుంది. నిజానికి ఆ జీవితంలో అద్భుతం పాలు స్వల్పం, అలవాటు పాలు అధికం. చేపట్టిన పని ఏనాటికి ముగియాలో ముందే నిర్ణయించుకోవడం, వివరాలన్నీ చేతికి వచ్చేదాకా అభిప్రాయం చెప్పకపోవడం, పని మధ్యలో మనసును మరో వైపు పోనీయకపోవడం ఆయన దినచర్యలో భాగాలు. ఆ అలవాట్లు ఎక్కడ మొదలయ్యాయి, ఎంత దూరం నడిపించాయి, ఎక్కడ ఆయనను ఒంటరిని చేశాయి అన్నది ఏ కథకూ తీసిపోని చరిత్ర.

తండ్రి సంస్కృత పండితుడు. పాండిత్యమే తప్ప పెద్దగా ఆస్తి లేదు. విశ్వేశ్వరయ్య బాల్యంలోనే తండ్రి మరణించారు. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని బాలుడు బెంగుళూరు చేరాడు. అక్కడ మేనమామ రామయ్య గారి అండ లభించింది గాని చదువు ఖర్చులకు అది చాలలేదు. కొడగు దేశానికి చెందిన ఒక అధికారి ఇంట పిల్లలకు పాఠాలు చెబుతూ సెంట్రల్ కాలేజీలో చదువుకున్నారు. తన చదువు, ఇతరుల పిల్లల చదువు, ఈ రెండు ఇళ్ల మధ్య నడక, అన్నీ ఒకే రోజులో ఇమడాలి. గంటలను లెక్కపెట్టి ఖర్చుచేసే గుణం ఏ గ్రంథంలోనో చదివి నేర్చినది కాదు, పేదరికం నేర్పినదే. 1881లో మద్రాసు విశ్వవిద్యాలయం బి.ఏ. పట్టా లభించింది. పిమ్మట మైసూరు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో పూనాలోని సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో బొంబాయి రాష్ట్రంలోనే ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు.

1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా నాసిక్‌లో ఉద్యోగం ప్రారంభించారు. కొద్దికాలానికే ఖాందేశ్ జిల్లాలో ఒక పని అప్పగించారు. పాంజ్రా నదీ ప్రాంతంలో ఒక వాగు అడుగు నుంచి గొట్టాల ద్వారా నీటిని అవతలి గట్టుకు చేర్చే సైఫన్ నిర్మించాలి. అంతలో వానలు పట్టుకున్నాయి. వాగు పొంగి, తవ్విన చోటనే ఇసుక పూడుకుపోసాగింది. యువ ఇంజనీరు వానలు వెలిసేదాకా పని ఆపుదామని పై అధికారికి రాశారు. సూచనలో తప్పేమీ లేదు. ఎవరైనా అట్లే రాస్తారు. కాని పై అధికారికి అది నచ్చలేదు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు ఇబ్బంది ఎదురుకాగానే వెనుకకు తగ్గినాడన్న అభిప్రాయం కాగితం మీదకు ఎక్కింది.

ఆ మాట ఆయనను బాధించింది. అయినా వాదనకు దిగలేదు. పని తిరిగి ప్రారంభించి, వానల మధ్యనే ఇసుకతో, వరదతో పెనుగులాడి సైఫన్ పూర్తిచేశారు. అధికారి తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. ఏడు దశాబ్దాల అనంతరం స్వీయచరిత్ర రాసేనాటికి ఎన్నో ఆనకట్టలు, కర్మాగారాలు ఆయన ఖాతాలో ఉన్నా, ఈ చిన్న సైఫన్ ఉదంతాన్ని మరువలేదు. ఆ తరువాతి ఉద్యోగ జీవితమంతటా ఒక క్రమం కనిపిస్తుంది. పని ఒప్పుకొనే ముందు ఎన్నో ప్రశ్నలు వేస్తారు, ఎంతో ఆలోచిస్తారు, ఒక్కొక్కసారి ఒప్పుకోనే ఒప్పుకోరు. ఒప్పుకున్న తరువాత మాత్రం అడ్డంకిని సాకుగా చెప్పరు. చాలామంది ఇందుకు విరుద్ధంగా చేస్తారు. తొందరపడి ఒప్పుకొని, తీరికగా సాకులు వెదుకుతారు.

సింధు రాష్ట్రంలోని సక్కర్ పట్టణానికి మంచినీటి సరఫరా పని 1894లో ఆయన చేతికి వచ్చింది. సింధు నది పక్కనే ఉన్నా నీరు బురదమయం. నీటిని వడగట్టే తొట్లు నిర్మించడానికి మునిసిపాలిటీ వద్ద ధనం లేదు. నది గర్భంలోనే, గట్టుకు దగ్గరగా బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరిన నీటిని పైకి తోడే ఏర్పాటు చేశారు. ఇసుకే వడపోత పని చేసింది. 1895లో పట్టణానికి మంచినీరు అందింది. ఏరులో చెలమ తీసి నీరు తోడుకొనే పల్లెటూరి స్త్రీకి ఈ ఉపాయం కొత్త కాదు. కొత్తదనమంతా దానిని ఒక పట్టణం మొత్తానికి సరిపడేటట్లు లెక్కకట్టడంలో ఉంది.

పూనాలో ఉన్నప్పుడు ఖడక్‌వాస్లా వద్ద ఫైఫ్ చెరువు సమస్య ఎదురైంది. వానకాలంలో నీరు మరవ మీదుగా వృథాగా పోతుంది, వేసవిలో పూనాకు నీరు చాలదు. కట్ట ఎత్తు పెంచితే వ్యయం, ప్రమాదం రెండూ ఉన్నాయి. కట్టను తాకకుండా మరవ మీద తమంత తామే మూసుకొని తెరుచుకొనే తలుపులు అమర్చారు. నీరు ఒక మట్టం చేరేదాకా తలుపులు మూసే ఉంటాయి, అంతకు మించి వరద వస్తే నీటి బలానికే తెరుచుకుంటాయి, తగ్గగానే మూసుకుంటాయి. దీనితో చెరువులో సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలిచింది. ఈ తలుపులకు 1903లో పేటెంటు లభించింది. ప్రభుత్వ జీతం తీసుకుంటూ చేసిన పనికి వేరుగా ధనం తీసుకోవడం తగదని భావించి రాయల్టీ స్వీకరించలేదు. దక్కన్ కాలువల కింద రైతులకు నీటిని వంతుల ప్రకారం, పంటను బట్టి, విభాగాలుగా పంచే బ్లాకు పద్ధతి కూడా ఆ కాలంలో ఆయన రూపొందించినదే. చెరువు కింద వంతు నీటికై తెల్లవారుజామున పార భుజాన వేసుకొని వెళ్లే రైతుకు ఆ పద్ధతి వివరించనక్కరలేదు.

1908లో, ఇంకా పదవీకాలం మిగిలి ఉండగానే బొంబాయి ఉద్యోగానికి స్వస్తి చెప్పారు. ఛీఫ్ ఇంజనీరు పదవి భారతీయునికి దక్కడం ఆనాడు దుర్లభం. ఐరోపా దేశాల పర్యటనలో ఉండగా హైదరాబాదు నుంచి పిలుపు అందింది.

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు, ఇళ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం నగరాన్ని వరద నుంచి కాపాడే మార్గం సూచించమని విశ్వేశ్వరయ్యను కోరింది. ఆయన 1909లో వచ్చి పని ప్రారంభించారు. నదీ తీరాన గోడలు కట్టండి అని ఒక వారంలో సలహా ఇచ్చి వెళ్లిపోవచ్చు. భయంలో ఉన్న నగరం అదీ సంతోషంగానే స్వీకరించేది.

ఆయన మొదట నగరాన్ని వదలి నది ఎగువకు వెళ్లారు. ఆ వాన ఎక్కడ ఎంత కురిసిందో, నీరు ఏ దారిన వచ్చిందో లెక్కలు తీయించారు. హైదరాబాదుకు ఎగువన మూసీకి నీరందించే సుమారు 860 చదరపు మైళ్ల ప్రాంతంలో 788 చెరువులున్నట్లు తేలింది. వాటిలో 221 చెరువులకు ఆ వానలో గండ్లు పడ్డాయి. అంటే నగరాన్ని ముంచినది వాన నీరు మాత్రమే కాదు, కట్టలు తెగిన చెరువుల నీరు కూడా ఒకదాని వెంట ఒకటి తోడై వచ్చి పడింది. పై చెరువు తెగితే కింది చెరువు నిలువదని తెలిసిన పల్లె ప్రజలకు ఈ లెక్క చూడగానే విషయం బోధపడుతుంది. నగరంలో కూర్చుని నదిని మాత్రమే చూసేవారికి బోధపడదు.

లెక్క తేలిన పిదపనే సూచన వెలువడింది. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద మరొకటి, రెండు జలాశయాలు నిర్మించి వరదను అక్కడనే పట్టి, మెల్లమెల్లగా వదలాలన్నది దాని సారాంశం. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి తలపెట్టిన ఆ చెరువులే తరువాతి కాలంలో హైదరాబాదుకు దాహం తీర్చాయి. నగర మురుగునీటి పథకం నిమిత్తం విశ్వేశ్వరయ్య ఆ తరువాత కూడా హైదరాబాదు వచ్చారు. కాని అసలు పని 1909లో, కొద్ది మాసాలలోనే జరిగింది. ఆ మాసాలలో ఆయన దృష్టి మరో విషయం మీదకు మళ్లలేదు.

అదే సంవత్సరం నవంబరులో మైసూరు సంస్థానం ఛీఫ్ ఇంజనీరు పదవి స్వీకరించారు. వెంటనే తలూపలేదు. తనకు ఉద్యోగం కన్నా పని చేసే అవకాశం ముఖ్యమని, అటువంటి అవకాశం ఉంటుందా అని ముందుగా విచారించి, నమ్మకం కలిగిన పిదపనే అంగీకరించారు. ఆ అవకాశం కావేరి రూపంలో ఎదురుచూస్తున్నది. కన్నంబాడి గ్రామం వద్ద ఆనకట్ట నిర్మించాలన్న పథకాన్ని మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయరు 1911లో ఆమోదించారు. ఆ సంవత్సరాంతంలో పని ప్రారంభమైంది. సిమెంటు దాదాపు లేని రోజులవి. సున్నంతో ఇటుక పొడి కలిపిన సుర్కీతో రాతి కట్టడం లేపారు. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరాల వల్ల మొదటి దశలో ఆనకట్ట ఎత్తు తగ్గించవలసి వచ్చింది. అయినా పునాదులు మాత్రం మున్ముందు పూర్తి ఎత్తును మోయగల వెడల్పుతోనే వేయించారు. నదీజలాల విషయంలో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది 1924లో. ఆనకట్ట సంపూర్ణమైనది 1931 ప్రాంతంలో. పదమూడేళ్ల తరువాత అవసరమయ్యే పునాదిని ముందే వేసిన ఆ నిర్ణయం వల్లనే ఆనకట్ట పూర్తి ఎత్తుకు లేవగలిగింది.

కోలారు ప్రాంతం వారికి ఈ ఆనకట్టతో ఒక ప్రత్యేక సంబంధం ఉంది. కోలారు బంగారు గనులకు 1902 నుంచే శివనసముద్రం జలవిద్యుత్తు అందుతున్నది. గనులలో పని చేసినవారిలో తెలుగు, తమిళ కుటుంబాలు వేలలో ఉండేవి. గనులు లోతుకు పోయినకొద్దీ విద్యుత్తు అవసరం పెరిగింది. వేసవిలో కావేరి సన్నబడితే విద్యుత్తూ సన్నబడుతుంది. అందుచేత కన్నంబాడిలో నీరు నిలిపి 1915 జూలై నాటికి గనులకు అదనపు విద్యుత్తు ఇవ్వాలని సంస్థానం మాట ఇచ్చింది. మధ్యలో వరదలు వచ్చాయి, కట్టిన భాగం కొంత దెబ్బతింది, మలేరియా కూలీలను పట్టి పీడించింది. గడువుకు పూర్తికాదని పని మీద ఉన్న ఇంజనీర్లు భావించారు.

అప్పటికి విశ్వేశ్వరయ్య ఛీఫ్ ఇంజనీరు కారు, 1912 నుంచి సంస్థానానికి దివాను. తేదీని మార్చే అధికారం ఆయన చేతిలోనే ఉంది. మార్చలేదు. పనివారి సంఖ్య 10,000 దాకా పెంచారు. చీకటి పడిన తరువాత పెద్ద దీపాల వెలుగులో పని సాగింది. ఏ వారానికి కట్టడం ఎంత ఎత్తు లేవాలో లెక్కకట్టి, ఆ లెక్కను వారం వారం సరిచూశారు. అనుకున్న కాలానికి నీరు నిలిచింది. గనులకు ఇచ్చిన మాట నిలిచింది. ఈ విజయాన్ని చెప్పేటప్పుడు కన్నంబాడిని కూడా చెప్పాలి. ఆ ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు నీట మునిగాయి. వేలమంది ఇళ్లు విడిచి వేరేచోట ఇచ్చిన భూములకు తరలిపోయారు. ఆనకట్టకు మహారాజు పేరు వచ్చింది, మునిగిన ఊరి పేరు జనుల నోట మాత్రం మిగిలింది. నేటికీ మైసూరు సీమలో పెద్దలు దానిని కన్నంబాడి కట్ట అనే పిలుస్తారు.

దివాను పదవిలో ఆరేళ్లు గడిచాయి. ఆ ఆరేళ్ల పట్టిక చూస్తే ఒక్క మనిషి కాలంలో ఇంత జరిగిందా అనిపిస్తుంది. 1913లో మైసూరు బ్యాంకు (2017లో భారతీయ స్టేటు బ్యాంకులో విలీనమైనది ఇదే), 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల, గంధపు నూనె, సబ్బుల కర్మాగారాలు, 1918లో భద్రావతి ఇనుప కర్మాగారానికి శ్రీకారం. విశ్వవిద్యాలయం పనిలో చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి కూడా పాలు పంచుకున్నారు. పదవి చేపట్టేనాటికి సంస్థానంలో సుమారు 4,500 ఉన్న పాఠశాలలు పదవి వదిలేనాటికి 10,500 అయ్యాయి. తక్కిన జాబితా ఎట్లున్నా, ఈ అంకె ఒక్కటి చాలు.

ఇదంతా ఎట్లా సాధ్యమైంది? ఆయన ఇతరుల కన్నా వేగంగా రాసేవారనో, నిద్రపోయేవారు కారనో అనుకోవడానికి ఆధారం లేదు. భోజనం మితం, నిద్ర వేళకు, నడక నిత్యం. తలపాగా నుంచి బూట్ల దాకా దుస్తులు ఎల్లవేళలా చక్కగా ఉండేవి. కలుసుకొనే వారికి ఇచ్చిన సమయం నిమిషంతో సహా పాటించేవారు. తానూ ఆలస్యం చేయరు, ఆలస్యాన్నీ సహించరు. ఎంతటి చిన్న సభలోనైనా ముందుగా రాసుకొని, దిద్దుకొని, మరల రాసుకొనిగాని మాట్లాడేవారు కారు. తనను కలవవచ్చిన అధికారి వివరాలు లేకుండా వస్తే సంభాషణ అక్కడితో ముగిసేది. చూసేవారికి ఇది కాఠిన్యంగా తోచింది. కాఠిన్యమే కావచ్చు. కాని దానివల్ల ఒక విషయం రెండుసార్లు చర్చకు రావడం తప్పిపోయింది. ఆదా అయిన కాలమంతా అక్కడ ఆదా అయినదే.

తన అలవాటును కచేరీల అలవాటుగా మార్చడం అసలైన కష్టం. తాలూకా కచేరీలో అర్జీ ఇచ్చి నెలలు తిరిగిన రైతుకు దివాను వేళకు నిద్ర లేచినందువల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే సంస్థానం కచేరీలలో కాగితం ఎక్కడ ఆగుతున్నదో, ఎందుకు ఆగుతున్నదో, నిబంధనల ప్రకారం పని సాగుతున్నదో లేదో చూడడానికి దక్షతా తనిఖీ అనే ఏర్పాటు చేశారు. డబ్బుకు లెక్క చూసే తనిఖీ అప్పటికే ఉంది, కాలానికి లెక్క చూసే తనిఖీ కొత్తది. 1911లో మొదలైన మైసూరు ఆర్థిక సమ్మేళనం కింద విద్య, వ్యవసాయం, పరిశ్రమలకు వేర్వేరు సంఘాలు ఏర్పడ్డాయి, జిల్లాలలో, తాలూకాలలో కూడా శాఖలు వెలిశాయి. అక్కడ పల్లె పెద్దలు సైతం కూర్చుని తమ తాలూకాకు ఏమి కావాలో చెప్పగలిగారు.

దివాను పదవికి ముందు బంధువులందరినీ పిలిచి, ఎవరూ ఉద్యోగాల కోసం, సిఫార్సుల కోసం తన వద్దకు రాకూడదని మాట తీసుకున్నారని ప్రతీతి. ఆ నియమం పదవి ముగిసేదాకా నిలిచింది. కాని ఉద్యోగాల విషయంలోనే మరొక ప్రశ్న మరొక దిక్కు నుంచి వచ్చింది. దానికి ఆయన వద్ద సిద్ధంగా సమాధానం లేదు.

సంస్థానం ఉద్యోగాలలో, ముఖ్యంగా పై ఉద్యోగాలలో, బ్రాహ్మణుల సంఖ్య చాలా అధికం. తక్కిన కులాల వారు 1917లో ప్రజామిత్ర మండలి పేర సంఘటితమై తమ వాటా అడిగారు. మహారాజు 1918లో ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లరు అధ్యక్షతన సంఘాన్ని నియమించారు. విశ్వేశ్వరయ్యకు ఇది సమ్మతం కాలేదు. ఉద్యోగానికి కొలబద్ద సామర్థ్యమే కావాలని, కులాన్ని బట్టి ఉద్యోగమిస్తే పాలనా దక్షత దెబ్బతింటుందని ఆయన దృఢంగా నమ్మారు. విద్యను విస్తరిస్తే కాలక్రమాన అసమానత తానే తొలగుతుందన్నది ఆయన అభిప్రాయం. మహారాజు అభిప్రాయం వేరు. దివాను 1918 చివర పదవి నుంచి వైదొలగారు.

ఆయన అభిమానులు ఈ ఘట్టాన్ని ఆత్మగౌరవ కథగా చెబుతారు. విమర్శకులు కులాభిమాన కథగా చెబుతారు. బంధువులకు సైతం సిఫార్సు చేయని మనిషిని స్వజనాభిమాని అనడం న్యాయం కాదు. అయితే ఆయన కొలబద్దలోనే ఒక లోపం ఉంది. ఎవరి ఇంట తరతరాలుగా చదువు ఉందో వారే పరీక్షలో ముందుంటారు. ఆ ముందంజ కూడా సామర్థ్యం కింద లెక్కకు వస్తుంది. మూసీ వరదలో నగరాన్ని మాత్రమే చూడక 788 చెరువులను లెక్కించిన మనిషి, ఈ విషయంలో మాత్రం ఎగువకు వెళ్లి చూడలేదు. కాలక్రమాన అన్న మాట కూడా ఆయన నోట వింతే. ఆనకట్టకు, కర్మాగారానికి, కచేరీ కాగితానికి తేదీ పెట్టిన మనిషి ఈ ఒక్కదానికి తేదీ పెట్టలేదు. మిల్లరు సంఘం పెట్టింది. ఏడేళ్లలో పై ఉద్యోగాలలో సగం వెనుకబడిన వర్గాలకు దక్కాలని 1919లో సిఫార్సు చేసింది. ప్రభుత్వం దానిని అంగీకరించి 1921లో ఉత్తరువు జారీచేసింది. ఆ ఉద్యోగాలకు అర్హులై వచ్చినవారిలో ఆయన తెరిపించిన బడులలో చదివినవారూ ఉండడం సహజమే.

పదవి పోయినా పని పోలేదు. ఆయన ప్రారంభించిన భద్రావతి కర్మాగారం నష్టాలలో పడింది. 1923లో ప్రభుత్వం ఆయననే మరల పిలిచి నిర్వహణ సంఘానికి అధ్యక్షునిగా నియమించింది. ఒకనాడు దివానుగా ఆజ్ఞలిచ్చిన ప్రభుత్వానికే ఇప్పుడు నెలనెలా నివేదికలు పంపవలసి వచ్చింది. దానికి చిన్నతనం అనుకోలేదు. ఖర్చులు తగ్గించి, స్థానిక యువకులకు శిక్షణ ఇప్పించి, విదేశీ నిపుణుల మీద ఆధారపడడం తగ్గించారు. ఆ కాలానికి తనకు రావలసిన జీతాన్ని తాను తీసుకోలేదు. ఆ మొత్తంతో యువకులకు చేతిపనులు, సాంకేతిక విద్య నేర్పే సంస్థ స్థాపించాలని కోరారు. బెంగుళూరులో 1943లో వెలసిన జయచామరాజేంద్ర వృత్తి విద్యాలయానికి మూలం అదే. దానికి తన పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు.

1934లో దేశానికి పదేళ్ల ఆర్థిక ప్రణాళికను సూచిస్తూ గ్రంథం ప్రచురించారు. ప్రణాళిక అనే మాట ప్రభుత్వాల నోట ఇంకా పలకని కాలమది. పెద్ద యంత్రాలు, పెద్ద కర్మాగారాలు కావాలన్న ఆయన వాదం గాంధీజీ మార్గానికి భిన్నమైనది. పరస్పర గౌరవానికి మాత్రం లోటు రాలేదు. 1951లో ఆంగ్లంలో స్వీయచరిత్ర వెలువడింది. ఉద్యోగ జీవితపు జ్ఞాపకాలు అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. పేరుకు తగినట్లే అందులో ఆనకట్టలు, కాలువలు, కర్మాగారాలు, ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్నాయి. ఇల్లు, ఇల్లాలు, సుఖదుఃఖాలు దాదాపు లేవు. ఎంతో పని చేసిన మనిషి అని పాఠకుడు పుస్తకం మూస్తాడు, ఎంత ఒంటరి మనిషి అని కూడా అనుకోకుండా ఉండలేడు. అంతటి ఏకాగ్రతకు చెల్లించిన మూల్యం ఆ ఖాళీ పుటలలోనే కనిపిస్తుంది. ఇది అందరికీ అనుసరణీయమని చెప్పడం కష్టం.

తొంభై దాటిన వయసులో బీహారులో గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలన్న వివాదం ఆయన వద్దకు వచ్చింది. ఆ వయసులోనూ కాగితాలు మాత్రమే చూసి తీర్పు చెప్పలేదు, నదీ తీరాలు పరిశీలించారు. మొకామా వద్ద నిర్మించాలని సూచించారు. ఆ వంతెన 1959లో ప్రారంభమైంది. మధ్యలో 1955లో భారతరత్న బిరుదు లభించింది. 1960 సెప్టెంబరు 15న బెంగుళూరు లాల్‌బాగ్‌లో జరిగిన శతజయంతి సభకు ప్రధాని నెహ్రూ వచ్చారు.

1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండిన పిదప, బెంగుళూరులో విశ్వేశ్వరయ్య కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగాయి. పుట్టిన ఇల్లు, స్మారకం రెండూ ఆ పల్లెలోనే ఉన్నాయి.